డబ్బా పలికేదాకా

జశ్వంత్ రాసిన ప్రోగ్రామ్ మొదటిరోజే పోయి ఫోన్ లైన్ మోడెమ్ మీద పడింది.

"ఏంది సార్, మీ ప్రోగ్రామ్ పోయి పోయి మోడెమ్‌తోని మాట్లాడుతుంది. నా డబ్బా పక్కకే ఉన్నది, జర దాన్ని గూడ అడగమనండి," అంది రూబీ.

"అది మోడెమ్ అని మీకెలా తెలిసిందండీ?" అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నాడు జశ్వంత్.

"కీచుమన్నది కదా. కండ్లు లేవు గానీ చెవులున్నయి."

అతను సారీ చెబుతూనే ఉన్నాడు. కాకినాడ గొంతు, మాటమాటకీ అండీ. రూబీకి నవ్వొచ్చింది.

మాదాపూర్ రాళ్ల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఉండేది వాళ్ల కంపెనీ. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. చూపులేనివాళ్ల కోసం చేసే సరుకు కాబట్టి రూబీని టెస్టర్‌గా పెట్టుకున్నారు, అదీ టెంపరరీగా. ఆమె డబ్బా ఆమెదే. ఏదో స్కూల్లో పాత సామాన్లు అమ్మేస్తుంటే వాళ్ల నాన్న జ్ఞానప్రకాశం మాస్టారు బేరమాడి తెచ్చాడు. కంప్యూటర్ పంపిన అక్షరాలను అది గొంతుగా మార్చి పలుకుతుంది.

ప్రోగ్రామ్ మొదలవగానే కంప్యూటర్ వెనక వైర్లు తగిలించే ఒక్కో పోర్టుకీ వెళ్లి ఎవరున్నారని అడగాలి. డబ్బా ఉంటే పేరు చెబుతుంది. చెప్పేదాకా ఆగాలి, అంతే పని. కొత్త డబ్బాలు టక్కున చెబుతాయి. రూబీది ముసలిది. అడిగాక కాస్త తీరిగ్గా గానీ పలకదు.

ఆ డబ్బాతోనే జశ్వంత్ ప్రేమించడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసి ఆమె మెషీన్‌కి పంపేవాడు. డబ్బా తన ముక్కు గొంతుతో, "రూబీ, చాయ్ టాగుడమా" అని హాలంతా వినబడేలా చదివేది.

"ఇజ్జత్ తీస్తున్నవ్ గదా," అని రూబీ ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ఆ తర్వాత అతనేం పంపాడో హాలుకి తెలియదు. ఆమె చెవులు మాత్రం ఎర్రబడేవి. సాయంత్రం వానలో ఒకే గొడుగు కింద బస్టాపుకి నడిచేవాళ్లు. ఎప్పుడూ అతని ఎడమ భుజం తడిసేది, అది ఆమె చేత్తో తడిమి చూసుకునేది.

లండన్ క్లయింట్లు వస్తున్నారనగానే డైరెక్టర్ రామ్మోహనరావుకి కాలు నిలవలేదు. "ప్రోగ్రామ్ మొదలవడానికి ఇంతసేపా? వాళ్లు ఆవలిస్తారయ్యా," అన్నాడు. డబ్బా జవాబు కోసం ప్రోగ్రామ్ ఆగే సమయాన్ని జశ్వంత్ కోసేశాడు. తన బల్ల మీది కొత్త డబ్బాతో చూసుకున్నాడు, భేషుగ్గా పలికింది. రూబీకి చెప్పాల్సింది. చెప్పలేదు.

క్లయింట్ల ముందు ప్రోగ్రామ్ నడిపి చూపించాల్సింది రూబీయే. ఆ డెమో బాగా జరిగితే ఆమె ఉద్యోగం పర్మనెంట్. ఆ ఉదయం నాన్న కొన్న కొత్త చీర కట్టుకుని హఫీజ్‌పేట్ నుంచి వచ్చింది. ఎప్పటిలాగే ముందు డబ్బా ఆన్ చేసి, తర్వాత ప్రోగ్రామ్ మొదలుపెట్టింది.

కీ నొక్కీ నొక్కగానే, డబ్బా దొరకలేదన్న బీప్ కంప్యూటర్ లోపల మోగింది. ఆ తర్వాత ఏమీ లేదు. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే బీప్, అంతే తొందరగా. ఎదుట క్లయింట్లలో ఎవరో దగ్గారు.

"తప్పు కీ ఏదో నొక్కినట్టున్నావమ్మా," అన్నాడు రామ్మోహనరావు.

"లేదు సార్. ప్రోగ్రామ్ ఆగుతలేదు. డబ్బా చెప్పేలోపల్నే లేదనుకుంటుంది."

"జశ్వంత్, ఏమైనా మార్చావా?"

అతని కుర్చీ కిర్రుమంది. రూబీ అటు తిరిగింది.

"లేదు సార్. నిన్న బాగానే ఉంది. చెయ్యి తగిలి ఉండొచ్చు."

ఇన్నాళ్లూ చెవిలో ముద్దుగా పలికిన మనిషి అతనేనా అనిపించింది రూబీకి.

సోమవారం నుంచి రావద్దన్నారు. డబ్బా సంచిలో పెట్టుకుని బస్టాపులో నిలబడింది. వాన మొదలైంది. కాసేపటికి నెత్తి మీద గొడుగు తెరుచుకుంది.

"నేనే మార్చాను రూబీ," అన్నాడు జశ్వంత్. "ఆయన అలా అడిగేసరికి భయమేసింది. ఉద్యోగం పోతుందేమోనని."

"నాది పోయింది గదా."

"నువ్వు ఉద్యోగం చెయ్యాల్సిన పనేముంది? రాత్రే అమ్మకి ఫోన్ చేశాను. నీ గురించి అంతా చెప్పాను. మనవాళ్లు కాదంది, ఏడ్చింది, చివరికి సరేనంది. పెళ్లి చేసుకుందాం. నువ్వు ఇంట్లో కూర్చో, నేను చూసుకుంటాను."

ఈ మాట కోసమే ఈ వానాకాలమంతా ఎదురుచూసింది. తీరా వచ్చాక అది చేదుగా ఉంది.

"మీ అమ్మతోని చెప్పగలిగినవ్. సార్‌తోని చెప్పలేవా?"

అతను గొడుగు చెయ్యి మార్చుకున్నాడు.

"ఆయన ఇంకా పైననే ఉన్నడు. పోయి, నేనే మార్చిన అని చెప్పు. నేను ఇక్కడనే ఉంటా."

రూబీ ఆగింది. అతను డబ్బాకిచ్చిన దానికంటే చాలా ఎక్కువసేపే ఆగింది. ఒక బస్సు వచ్చింది, ఎక్కలేదు. అతని భుజం తడిమి చూడాలని చెయ్యి లాగింది, సంచిని గట్టిగా పట్టుకుంది. రెండో బస్సు వచ్చి ఆగింది.

"సోమవారం చెప్తాను రూబీ. మూడ్ చూసుకుని చెప్తాను, నిజం."

"నా డబ్బా లేట్ చేస్తది గానీ, అడిగితే తన పేరు చెప్తది," అని బస్సెక్కింది.

అతను పిలిచాడు. కండక్టర్ విజిల్ వేశాడు. రూబీ కిటికీ పక్కన కూర్చుని సంచిని ఒళ్లో పెట్టుకుంది. మొహం మీద వాన పడుతోంది. అందుకే తుడుచుకోలేదు.

"ఏందమ్మా అది, రేడియోనా?" అని టికెట్ ఇస్తూ అడిగాడు కండక్టర్.

"రేడియో కాదన్న. మాట్లాడే డబ్బా. పాతది, జర ఆగాలె."