పంపు నంబరు చదివి చెప్పండి

మా ఇద్దరి మధ్య మొదటి మాటలే గొడవ. అదీ ఫోన్‌లో.

"రెండో పంపు వాల్వ్ మూసెయ్యండి," అంది కంట్రోల్ రూమ్ నుంచి ఒక అమ్మాయి.

"ఓకే ఓకే," అన్నాను.

"ఓకే కాదు. నేనేం చెప్పానో తిరిగి చెప్పండి."

"విన్నానండీ బాబూ! చెవులున్నాయి నాకు."

"నోరు కూడా ఉందిగా. పంపు మీద నంబరు వేలు పెట్టి చదివి, అప్పుడు చెప్పండి."

ఒళ్లు మండింది. అయినా వేలు పెట్టి చదివాను. నేను నిలబడింది మూడో పంపు దగ్గర.

అణు విద్యుత్ కేంద్రంలో ఫీల్డ్ ఆపరేటర్‌గా అది నా తొమ్మిదో రోజు. పంపుల మధ్య తిరిగే పని మాది. రియాక్టర్‌ని నడిపేది కంట్రోల్ రూమ్‌లో వాళ్లు. ఆ కుర్చీ దక్కాలంటే ఏళ్ల తరబడి చదివి లైసెన్స్ పరీక్ష గట్టెక్కాలి. ఈమె మొదటిసారికే గట్టెక్కిందట. అందరూ చాటుగా 'రిపీట్ మేడం' అంటారు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగా ఎవరో ట్రే పెట్టారు.

"మూడో పంపు మీరేనా?"

"రిపీట్ మేడం మీరేనా?"

కోప్పడుతుందనుకుంటే పక్కున నవ్వింది. ఆ తర్వాత నేను ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

"బయట వాన పడుతోందా?" అని అడిగింది.

"చూడలేదా?"

"మా గదికి కిటికీల్లేవు. ఎనిమిది గంటలూ మీటర్ల మొహాలే."

మర్నాటి నుంచి నేను వాతావరణ శాఖనైపోయాను. "ఉత్తరాన మబ్బు. చినుకుల్లేవు," అని చెప్పేవాణ్ణి. "మబ్బుంది, చినుకుల్లేవు," అనేది ఆమె. "కరెక్ట్," అనేవాణ్ణి. అలా ఏడాదిన్నర మబ్బులే మాట్లాడుకున్నాం. అసలు మాట మాత్రం నా గొంతు దాటి రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం రౌండ్లో ఉండగా సన్నగా బుస్సుమని చప్పుడు. ఫోన్ అందుకున్నాను.

"రెండో పంపు. వేలు పెట్టి చదివాను. పంపు అవతల పైపు జాయింట్ నుంచి ఆవిరి కొడుతోంది. పెరుగుతోంది."

"నా మీటర్లన్నీ మామూలుగానే ఉన్నాయి. మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పాను. అక్షరం మారలేదు.

"రియాక్టర్ ఆపేస్తున్నాను. అక్కడున్న వాళ్లందరూ బయటికి వెళ్లిపోండి."

"అందరం బయటికి వెళ్లిపోతున్నాం."

"కరెక్ట్."

"మీరు జాగ్రత్తండీ," నోరు జారాను.

"నేను జాగ్రత్త," అంది అలవాటుగా.

రియాక్టర్ ఆగింది. పైపులో ఒత్తిడి తగ్గి ఆవిరీ ఆగింది. చూపించడానికి ఏమీ మిగల్లేదు. సగం ఊరికి కరెంటు పోయింది. మూడో రోజు విచారణ. ఆమె లైసెన్స్ కాగితం విచారణ జరిపే పెద్దాయన ముందు బల్ల మీద ఉంది.

"ఒక్క మీటరూ కదల్లేదు. మరెందుకు ఆపారు?" అని అడిగాడు పెద్దాయన.

"కదిలింది సార్. ఆయన వేలు పెట్టి చదివి చెప్పిన మాట నాకు మీటరే. అయినా, లైసెన్స్ ఇచ్చింది నడపడానికి మాత్రమే కాదు, ఆపడానికి కూడా."

నా ఛాతీ ఉప్పొంగింది. ఆమె మొదటి ఫోన్‌కే తప్పు పంపు దగ్గర నిలబడ్డవాణ్ణి నేను!

ఫోన్ రికార్డింగ్ వినిపించారు. 'మీరు జాగ్రత్తండీ', 'నేను జాగ్రత్త' దగ్గర గదంతా ఘొల్లుమంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయన మాత్రం నవ్వలేదు. పైపు కోసి చూశాకే మాట్లాడతానన్నాడు.

మర్నాడు కోశారు. జాయింట్ పక్కన లోపలంతా అరిగిపోయి, పైపు గోడ రేకులా మిగిలింది. ఇంకో గంట నడిపి ఉంటే పైపు పగిలేది. ఆ వేడినీళ్ల దారిలో ఉండేది మేమే. పెద్దాయన కుర్చీలోంచి లేచి, లైసెన్స్‌ని రెండు చేతులతో ఆమెకిచ్చాడు.

సాయంత్రం గేటు బయట నిజంగానే వాన. వాళ్ల నాన్న గొడుగుతో నిలబడ్డాడు. రిటైరైన రైలు డ్రైవర్.

"ముప్పై ఏళ్లు బండి నడిపానమ్మా. టైముకి చేర్చినవాణ్ణి మెచ్చుకుంటారు గానీ, ఆపినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. నేను మెచ్చుకుంటున్నాను." తర్వాత ఆయన నావైపు తిరిగాడు. "ఆ మీటరు నువ్వేనా బాబూ?"

"నేనేనండీ." ఇక ఆగలేకపోయాను. ఆమె వైపు చూశాను. "మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది."

ఆమె రెప్ప వెయ్యలేదు. "నన్ను పెళ్లి చేసుకోవాలనుంది."

"కరెక్ట్."

"తిరిగి చెప్పానంటే విన్నానని మాత్రమే. ఒప్పుకున్నానని కాదు."

నా మొహం మాడిపోయింది. నాన్నగారు గొడుగు చాటుకి తప్పుకున్నారు, నవ్వు ఆపుకోవడానికి కాబోలు.

అప్పుడు ఆమె చెయ్యి చాచి, నా జేబు మీది బ్యాడ్జికి వేలు ఆనించింది. ఇంటిపేరుతో సహా నా పేరు పైకి చదివింది, తొందర లేకుండా, ఒక్కో అక్షరం. వాన మా ఇద్దర్నీ తడిపేస్తోంది. వేలు తియ్యకుండానే వెనక్కి తిరిగి చూసింది.

"సరైన పంపే, నాన్నా," అంది.