ఎడమవైపు కోసేసిన ఫోటో

పొలం పోవడానికి తమ్ముడు పుల్లయ్యే కారణమని సంజీవరావు రోజూ పళ్ళు తోముకుంటూనే మొదలుపెడతాడు. వరి పండే చేలో చేపల చెరువు తవ్వమన్నది పుల్లయ్య. తవ్వేదాకా ప్రాణం తీసింది పుల్లయ్య. రెండో ఏడు చేపలన్నీ తెల్లారేసరికి వెల్లకిలా తేలిపోతే, తల దించుకుని గట్టు దిగి వెళ్ళిపోయిందీ పుల్లయ్యే. అప్పుల కింద ఆ పొలం అమ్మేసి సంజీవరావు భవానీపురం వచ్చి పెయింట్ల కొట్టులో గుమాస్తాగా కుదిరాడు. అప్పటినుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు.

ఆ ఆదివారం పొద్దున కూడా ఆ దండకం సగంలో ఉండగా, భార్య సుబ్బరత్నం పెసరట్టు తిరగేస్తూ, అమ్మాయి మీ ఫోటో పెట్టిందట, చూశారా అని అడిగింది.

భానుశ్రీ వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. జీతంలో మిగుల్చుకుని పాత కెమెరా ఒకటి కొనుక్కుంది. సెలవొస్తే దాన్ని మెళ్ళో వేసుకుని కృష్ణ ఒడ్డున తిరుగుతుంది. ఇంటికొచ్చాక కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోల్లో వంకర సరిచేస్తుంది, చీకటిగా ఉన్నచోట వెలుగు పెంచుతుంది. తర్వాత ఫోటోలు నేర్చుకునేవాళ్ళ గ్రూపులో పెట్టి, కొత్తదాన్ని, తప్పులుంటే చెప్పండి అని రాస్తుంది. చెప్పడానికి జనం ఎప్పుడూ సిద్ధమే. ఇంతవరకూ ఆమె ఫోటో ఒక్కటీ వంక లేకుండా బయటపడలేదు.

ఈ ఫోటో మీద మాత్రం ఆమెకి ఆశ ఉంది. హనుమాన్ జంక్షన్‌లో చుట్టాలింటి విందులో తీసింది. విస్తరి ముందు కూర్చున్న సంజీవరావు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

సంజీవరావు భార్య ఫోను తీసుకుని, దూరంగా పట్టుకుని, కింద రాసినవి కూడబలుక్కుని చదివాడు. 'నవ్వు బ్రహ్మాండం. క్రాపే బాగోలేదు. ఎడమవైపు మరీ కోసేశారు.' ఇంకొకాయనా అదే మాట. ఎవరో ఆవిడ, క్రాపు సరిచేయించి మళ్ళీ పెట్టండమ్మా అని సలహా కూడా ఇచ్చింది.

ఆయన ఫోను పక్కన పెట్టి అద్దం ముందు నిలబడ్డాడు. చెవి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఎవరితోనూ చెప్పకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి గుర్తుపట్టేలా లేడు. ఎడమవైపుకి సమానంగా కుడివైపు కూడా తీయమన్నాడట. సమానం కుదరక సెలూనతను అటు కాస్త ఇటు కాస్త దిద్దుకుంటూ పోయి, నడినెత్తి మీద పిడికెడు మిగిల్చాడు.

"ఇప్పుడు తియ్యమ్మా ఫోటో," అంటూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఇంక ఎవడు వంక పెడతాడో చూస్తా."

భానుశ్రీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకి ఆనుకుని నవ్వుతూ అలాగే కిందకి జారిపోయింది. సుబ్బరత్నం అట్లకాడ పట్టుకునే వచ్చి, నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా మీ నాన్న ఇంత ముస్తాబు కాలేదే అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాన్నా, క్రాపంటే జుట్టు కాదు. ఫోటో అంచులు కోసెయ్యడాన్ని క్రాపంటారు."

సంజీవరావు నెత్తి తడుముకున్నాడు. "మరి చెప్పి ఏడవచ్చుగా. ఇంతకీ ఎడమవైపు ఏం కోశావు?"

భానుశ్రీ నవ్వు ఆగిపోయింది.

"బాబాయిని."

అట్టు మాడిన వాసన వచ్చినా సుబ్బరత్నం వంటింట్లోకి వెళ్ళలేదు. సంజీవరావు గొంతు లేచింది. మంచిపని చేశావన్నాడు. వాడి నీడ కూడా తన పక్కన పడకూడదన్నాడు. వాడి ముక్క ఇంకేమైనా మిగిలుంటే అదీ కోసి పారెయ్యమన్నాడు. కూతురు తల వంచుకుని అంతా విన్నది గానీ ఊరుకోలేదు.

"మీకు కోపమొస్తుందని భయపడి కోశాను. మీరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో ఆ మనిషే లేడు నాన్నా అందులో. నేను తీసినవాటిలో ఇదొక్కటే నిజంగా బాగా వచ్చింది. దాన్ని కూడా నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను."

"వాణ్ణి చూసి నేనెందుకు నవ్వుతాను?"

ఆమె కంప్యూటరులో కొయ్యని ఫోటో తెరిచింది.

ఎడమవైపు పుల్లయ్య వంగి, అన్న విస్తట్లో చేపల పులుసు వడ్డిస్తున్నాడు. గరిటె వంకరగా ఉంది. వాడూ నవ్వుతున్నాడు. సంజీవరావుకి ఆ మాట చెవిలో మళ్ళీ వినిపించింది. ధైర్యంగా తిను అన్నయ్యా, ఇది మన చెరువు చేప కాదులే అన్నాడు వాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మాట్లాడిన మొదటి మాట అది. కోపం గుర్తొచ్చేలోపే నవ్వొచ్చేసింది.

"ఆ చేపలు చచ్చిన దగ్గర్నుంచీ ఈ నవ్వు నేను చూళ్ళేదండీ," అంది సుబ్బరత్నం మెల్లగా.

సంజీవరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమట అనుకోవాలని ఆయన ఉద్దేశం.

"కొయ్యకు," అన్నాడు. "మొత్తం పెట్టు. వాడిక్కూడా పంపు."

సాయంత్రానికి గ్రూపులో ఒక్కరూ వంక పెట్టలేదు. భానుశ్రీ ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో బండి ఆగింది. పుల్లయ్య సంచిలో కొరమీనులతో లోపలికొచ్చి, అన్న నెత్తి చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఇదేంటన్నయ్యా?"

"నీ మూలంగానే పోయింది."

"జుట్టు కూడానా?"

సుబ్బరత్నం వంటింట్లోంచే నవ్వింది. సంచి అందుకున్నది మాత్రం సంజీవరావే. ఆ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, ఫోటోకి పేరు పెట్టాలి, చెప్పండి అంది భానుశ్రీ.

"అన్నదమ్ములు అని రాయి," అన్నాడు సంజీవరావు. ఉండబట్టలేక వెంటనే అందుకున్నాడు. "కిందేమో, పోయినది ఎకరం అరవై రెండు సెంట్లు అని కూడా రాయి."

పుల్లయ్య నవ్వలేదు. అన్న మోకాలి మీద చెయ్యి వేశాడు.

"గట్టు మర్చిపోయావన్నయ్యా," అన్నాడు. "ఎకరం అరవై నాలుగు."