స్టీరింగ్ లేని సీటు

మదీహా మొయిన్‌ని మొదటిసారి చూసింది, అతను ఆమె రైలును ఆపేసినప్పుడు.

వెలిమెల దాటాక ఉన్న ఆ ఫ్యాక్టరీలో డ్రైవర్ లేకుండా నడిచే మెట్రో రైళ్లు తయారవుతాయి. రైలును నడిపే సాఫ్ట్‌వేర్ మదీహా టీం పని. కానీ టెస్టులు అయ్యేదాకా లోపల ఒక మనిషి కూర్చోవాలని రూలు. ఆ మనిషి ఉద్యోగం పేరు డ్రైవర్. అతను రైలు నడపకూడదు. ఇందులో తమాషా ఏమీ ఉన్నట్టు ఫ్యాక్టరీలో ఎవరికీ తోచలేదు.

ఆ రోజు టెస్ట్ ట్రాక్ మధ్యలో మొయిన్ కూర్చున్న రైలు ఠక్కున ఆగింది. మదీహా వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"బ్రేక్ ఎందుకు కొట్టిన్రు?"

"కుక్కపిల్ల మేడం. పట్టాల మీద పండుకున్నది."

"సెన్సర్ చూస్తది కదా!"

"చూస్తదేమో. ఆ సంగతి కుక్కపిల్లకు తెల్వదు కదా."

"పొద్దటి సంది చేసిన టెస్టు ఖరాబైంది!"

"మల్ల చేద్దాం మేడం. నాకేం జల్దీ లేదు. మీ టెస్టులు అయిపోతే నా నౌకరి గూడ అయిపోతది."

అతను నవ్వుతూనే అన్నాడు. తను చేసే పని ఎవరి ఉద్యోగం తీసేస్తుందో మదీహా అంతకుముందెప్పుడూ ఆలోచించలేదు.

ఆ తర్వాత ఆమెకు కొత్త కొత్త టెస్టులు గుర్తుకురాసాగాయి.

"ఇయ్యాల ఏం టెస్టు మేడం?"

"తలుపులది."

"నిన్న గూడ తలుపులే కదా?"

"నిన్న ఎడమ దిక్కువి."

ఇంత జాగ్రత్తగల ఇంజనీరు ఫ్యాక్టరీలోనే లేరని మేనేజర్ సత్యశ్రీ మీటింగులో మెచ్చుకుంది.

కానీ రైలుకు ఉండేవి రెండే దిక్కులు. టెస్టులన్నీ అయిపోయాయి. ఇక దాచి లాభం లేదని, మొయిన్ అంటే ఇష్టమని మదీహా ఇంట్లో చెప్పింది. తండ్రి ఫజలుద్దీన్‌ది పటాన్‌చెరులో డ్రైవింగ్ స్కూలు. స్టీరింగ్ పట్టనివాడిని ఆయన మగవాడి కింద లెక్కపెట్టడు.

"డ్రైవరా? మంచిదే బేటీ. ఏం బండి?"

"డ్రైవర్ లేని రైలు, అబ్బా."

ఫజలుద్దీన్ చాయ్ కప్పు కింద పెట్టేశాడు. "అంటే ఊకె కూసుంటడు."

రైలు పంపించేసే ముందు ఉద్యోగుల కుటుంబాలను అందులో ఒక రౌండ్ తిప్పారు. మొయిన్‌కు అదే ఆఖరి డ్యూటీ. సణుగుతూనే వచ్చిన ఫజలుద్దీన్, ముందు సీట్లో అతని పక్కనే కూర్చున్నాడు. అక్కడి మైకు తెరిచి ఉంది. వాళ్ల మాటలన్నీ కంట్రోల్ రూంలో కూర్చున్న మదీహాకు వినబడుతున్నాయి. సత్యశ్రీకి కూడా.

రైలు దానంతటదే కదిలింది. కెమెరాలో చూస్తే ఫజలుద్దీన్ కుడికాలు నేలను గట్టిగా తొక్కుతోంది.

"చాచా, బ్రేక్ కింద లేదు. ఈ బటనే," అన్నాడు మొయిన్. "పరేషాన్ అయితే మీరే చెయ్యి పెట్టుకొని కూసోండి."

ఆయన పెట్టాడు. నేలను తొక్కుతున్న కాలు మెల్లగా తీశాడు. తర్వాత గొంతు మారింది.

"నేను గూడ గింతే కద బేటా. ఇన్నేండ్ల సంది నేర్సుకునేటోళ్ల పక్కన కూసున్న. స్టీరింగ్ వాళ్ల చేతిల, బ్రేక్ నా కాలి కింద. నువ్వేం చేస్తవని మా బేగం అడిగేది."

"ఏం చెప్పేటోళ్లు?"

"భయపడకుంట కూసుంట అని." ఫజలుద్దీన్ మోకాలు తడుముకున్నాడు. "నా మోకాళ్లు పోయినయ్. స్కూల్ల నా సీటుకు మనిషి కావాలె. ఓపిక ఉన్నదా?"

"మీ బిడ్డతోని ఇన్ని టెస్టులు చేసిన, చాచా." మొయిన్ ఆయన వైపు తిరిగాడు. "సీటు సంగతి తర్వాత. ముందుగాల మదీహాను అడుగుదామనుకున్న, నన్ను చేసుకుంటదా అని."

"ఆమెను అడగాలంటే ఆమెనే అడుగు! నా మొఖం చూస్తవేంది?"

కంట్రోల్ రూంలో ఎవరూ కీబోర్డు ముట్టడం లేదు. సత్యశ్రీ సీలింగ్ ఫ్యాన్‌ను శ్రద్ధగా పరిశీలిస్తోంది. మదీహా చేతికందిన బటన్ నొక్కి, నిఖాలో చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పేసింది.

"ఖబూల్ హై."

ఆమె నొక్కింది రైలంతటికీ వినిపించే బటన్. మాట పెట్టె పెట్టెలోనూ మోగింది. ముందు సీట్లో మొయిన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఫజలుద్దీన్ అతని వీపు మీద ఒక్కటిచ్చాడు.

వెనక పెట్టెలో మాత్రం, మదీహా టీంలోని ఇంద్రజ వాళ్లమ్మ వెంకటరమణమ్మ కంగారుగా సంచీ సర్దుకుని లేచింది.

"ఏమే, ఖబూల్ వచ్చేసిందిటగా. మనం దిగొద్దూ?"