ఏనుగు ఇల్లు చేరేదాకా

పిల్లలూ, నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక. రాతలో తప్పులుంటే మన్నించండి. నా చెయ్యి నిదానం, అందుకని కథ కూడా నిదానంగానే నడుస్తుంది.

వాచకం పీరియడ్‌లో ఒక్కో బెంచీ వాళ్లు లేచి చదువుతున్నారు. తర్వాతిది తుఫాను వంతు. క్లాసులో అందరూ ఆ అమ్మాయిని అలాగే పిలుస్తారు. వంతు దగ్గరపడేసరికి ఏదో ఒక గొడవ చేస్తుంది, టీచర్ బయటికి పంపేస్తారు. కూడబలుక్కుని చదివితే నవ్వుతారు, గొడవ చేస్తే తిడతారు. తిట్లే నయం అనుకునేది తుఫాను.

ఆ రోజు నీళ్ల సీసా తోసేసింది. నీళ్లన్నీ పక్కనున్న రెండు జడల అమ్మాయి పుస్తకం మీద పడ్డాయి. తుఫానుకున్న ఒక్క స్నేహితురాలు ఆ పిల్లే.

"నేనింక నీ పక్కన కూర్చోను" అందా అమ్మాయి. అరవలేదు. సంచీ తీసుకుని వెనక బెంచీకి వెళ్లిపోయింది.

తుఫాను వరండాలో గోడకానుకుని నిలబడింది. లోపల పాఠం సాగిపోతోంది. ఎవరూ తలుపు వైపు చూడలేదు.

ఆఫీసు గది ముందు బల్ల మీద ఒకటో తరగతి బుడ్డది జ్వరంతో ముడుచుకుని కూర్చుంది. నాన్న కోసం ఎదురుచూస్తోంది. ఒళ్లో బొమ్మల పుస్తకం ఉంది.

"అక్కా, ఇది చదివిపెట్టవా?"

తుఫాను పుస్తకం వంక, క్లాసు తలుపు వంక చూసింది. గొడవ చేసినా లాభం లేదు. బయటికి పంపినదాన్ని ఇంకెక్కడికి పంపుతారు?

"నాకు చదవడం సరిగా రాదు" అంది. ఆ మాట ఎవరితోనైనా చెప్పడం అదే మొదలు.

"నాకసలే రాదు" అంది బుడ్డది జరిగి చోటిస్తూ. "మెల్లగా చదువు. నేను బొమ్మ చూస్తుంటాలే."

అది దారి తప్పిన ఏనుగుపిల్ల కథ. తుఫాను వేలు పెట్టి, అక్షరం అక్షరం కలుపుకుంటూ చదివింది. తప్పు వస్తే వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. బుడ్డది నవ్వలేదు, "తర్వాత?" అంది అంతే. నాన్న హెల్మెట్ పట్టుకుని వచ్చి పిలిస్తే, "ఏనుగు ఇంకా ఇల్లు చేరలేదు నాన్నా" అంది. ఆయన హెల్మెట్ కింద పెట్టి తానూ కూర్చున్నాడు. ఆఖరి పేజీ దాకా విన్నాడు.

జ్వరం తగ్గి బుడ్డది బడికొచ్చాక, ఇంటర్వెల్‌లో తుఫాను లైబ్రరీ నుంచి సన్న పుస్తకాలు తెచ్చి చదివి వినిపించేది. ఒక పొద్దున తన వాచకాన్ని రెండు జడల అమ్మాయి బెంచీ మీద పెట్టి, తడిసి ఉబ్బినదాన్ని తాను తీసుకుంది. ఆ అమ్మాయి వెనక బెంచీలోనే ఉండిపోయింది.

మళ్లీ చదివే వంతు వచ్చింది. అందరూ తుఫాను చేతుల వంకే చూశారు. ఆమె నీళ్ల సీసా సంచీలో పెట్టేసి, లేచి, ఉబ్బిన పేజీ మీద వేలు ఆనించింది. రెండో మాట దగ్గరే తడబడింది. ఎవరో కిసుక్కుమన్నారు. వేలు మాత్రం పేజీ మీంచి తీయలేదు. వెనక్కి వెళ్లి, మళ్లీ మొదలుపెట్టింది.

"చాల్లేమ్మా, కూర్చో" అన్నారు టీచర్ జాలిగా.

పక్కన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"ఇంకో వాక్యం మిగిలింది టీచర్" అని, తుఫాను అదీ చదివింది.

— కుట్టుమిషన్ అమ్మమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు మీ బడి వెనక వీధిలో, కూతురి ఇంట్లో ఉంటున్నాను.