కొండ మీద నువ్వు, ఊళ్ళో మీరు

“ఏయ్, నువ్వే. అక్కడే ఆగు.”

ముక్కూమొహం తెలియని పిల్ల తనని నువ్వు అనేసరికి సెవెరిన్‌కి ఒళ్ళు మండింది. వియన్నా నుంచి ఈ టిరోల్ కొండల ఊరికి లెక్కల మాస్టారుగా వచ్చి పది రోజులైంది. స్కీలు తొడుక్కుని, తెల్లటి వాలు మీద జారబోతున్నాడు.

ఆ పిల్ల పేరు ఆఫ్రా. మంచుచరియల ప్రమాదం గురించి ఊరిని హెచ్చరించే జట్టులో పనిచేస్తుంది. అక్కడే గొయ్యి తవ్వి, మంచుని స్తంభంలా కోసి, దాని మీద పార పెట్టి అరచేత్తో నాలుగు దెబ్బలు వేసింది. పై పలక మొత్తం జారి అతని కాళ్ళ దగ్గర పడింది. దాని కింద మంచు పంచదారలా పొడిపొడిగా ఉంది.

“గాలి తెచ్చి పేర్చిన పలక ఇది. నువ్వు కాలు పెట్టి ఉంటే ఇప్పుడు నీకోసం తవ్వేదాన్ని,” అంది.

సెవెరిన్ కోపం దిగిపోయింది. వాలు తక్కువున్న దారిన, చెట్ల మధ్యనుంచి దిగుతూ ఆమె అతన్ని దారిపొడుగునా ఆటపట్టించింది. ఊరు చేరేలోపు ఆ నువ్వు మీద మనసు పారేసుకున్నాడు.

సోమవారం బేకరీలో కనిపించి, మీరు బాగున్నారా మాస్టారూ అంది. అతనికి గుండె జారిపోయింది. మళ్ళీ శనివారం కొండ మీద నువ్వు, ఆదివారం చర్చి ముందు మీరు. పాపం, లెక్కల మాస్టారికి ఈ లెక్క తేలలేదు.

ఆపైన వారంపాటు మంచు తెగ కురిసింది. మంచుచరియల ప్రమాదం అయిదు స్థాయిల్లో నాలుగోదానికి చేరింది. ఎవరూ కొండ ఎక్కవద్దన్నారు. నువ్వు అనిపించుకోకుండా ఏడు రోజులు ఎలాగో గడిపి, మంచు కొలవడానికి ఆమె పైనే ఉంటుందన్న ఆశతో ఎనిమిదో రోజు స్కీలు భుజాన వేసుకున్నాడు. తీరా చూస్తే ఊరి చివర ఆఫ్రా తన ఇంటి గుమ్మం ముందే మంచు తోస్తోంది. ఎక్కడికని అడిగింది.

“పైకి. అక్కడైతే నువ్వంటారు. ఇక్కడ నేనేం తప్పు చేశానని మీరంటున్నారు?”

ఆఫ్రా పగలబడి నవ్వింది. వెయ్యి మీటర్లు దాటితే ఇక్కడ బిషప్పునైనా నువ్వనే అంటారట. ఊరేమో తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది.

“అంటే అది నాకోసం అన్నది కాదా?” అతని మొహం వాడిపోయింది. “పోనీలెండి. వెయ్యి దాటాక ఫోన్ చేస్తాను. ఒక్కసారి నువ్వు అనండి, చాలు.”

ఆఫ్రా నవ్వు ఆగిపోయింది. అతని సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది.

“ఒక్క అడుగు వేశావంటే ఊరుకోను. నువ్వు ఆ మంచు కింద పడితే నా గతేం కావాలి?”

తానేమన్నదో అనేశాక గానీ ఆమెకి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఇది తొమ్మిది వందలే కదా,” అన్నాడు సెవెరిన్ మెల్లగా.

“తెలుసు,” అంది. పట్టీ మాత్రం వదల్లేదు. “స్కీలు గోడకి ఆనించి లోపలికి రా. అమ్మ పిండి ఉండలు వండుతోంది. నిన్ను నువ్వు అంటున్నానని ఆవిడకీ చెప్పాలిగా.”