చతురస్రంలో పట్టని మనిషి

పాతికేళ్ళ పెళ్ళి పండుగకని కొడుకు తయారుచేసిన యాప్‌లో పెళ్ళికూతురే లేదు.

ఎలీసబెతు కత్తిపీట ముందు నుంచి లేచి, చేపలు కోసిన చేతులు కడుక్కుని, ఫోన్ మళ్ళీ తెరిచింది. వరసగా చిన్న చిన్న చదరపు బొమ్మలు. క్రిస్మస్, బెంజమిన్ పుట్టినరోజు, ఆడపడుచు కొత్తింటి ప్రార్థన. అన్నిట్లోనూ భర్త విల్సన్ నిండుగా నవ్వుతున్నాడు. తను మాత్రం పెళ్ళినాటి మేలిముసుగులో తప్ప మరెక్కడా లేదు. ఒక బొమ్మలో చీరకొంగు ఉంది. మనిషి లేదు.

ఈ సంగతి ముందు కనిపెట్టింది ఆమె కాదు. ఘంటసాల నుంచి ఆడపడుచు సువార్తమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. "యాప్ భలే ఉందమ్మా. మా తమ్ముడు ఒక్కడే పెళ్ళి చేసుకున్నట్టున్నాడు!" అని పగలబడి నవ్వింది. సాయంత్రం అవనిగడ్డలోని ఈ ఇంట్లోనే కృతజ్ఞతా కూడిక. బంధువులందరి ఫోన్లలోకీ ఆ యాప్ ఇప్పటికే వెళ్ళిపోయింది.

"బెంజీ! ఇట్రా!"

విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ పండుగకని వచ్చిన బెంజమిన్, నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"నేను చచ్చిపోయానంట్రా? చచ్చినోళ్ళ ఫోటోకైనా గోడ మీద చోటుంటుంది."

"అమ్మా, నిన్ను నేనెందుకు తీసేస్తాను?"

"మరి ఫోనే లేచొచ్చి తీసేసిందా?"

"నిజంగా అదే తీసేసింది. అడ్డంగా ఉన్న ఫోటో చతురస్రంలో పట్టదు. అందుకని మధ్య ముక్క ఉంచి రెండు పక్కలా కత్తిరించమని కోడ్ రాశాను. వేలితో నొక్కితే మొత్తం ఫోటో వస్తుంది."

"దానికి మీ నాన్న దొరికాడు, మీ అత్త దొరికింది, వాళ్ళ కుక్క కూడా దొరికింది. నేనే దొరకలేదా? ఊరంతటికీ పంపేముందు ఒక్కసారి చూసుకోవద్దా?"

బెంజమిన్ తల దించుకున్నాడు. "చూసుకోలేదమ్మా. ఇప్పుడే సరిచేస్తాను."

ఒక్కో ఫోటో తెరిచి, చతురస్రాన్ని తల్లి వైపు జరుపుతూ పోయాడు. ఉన్నట్టుండి అతని వేలు ఆగింది.

"అమ్మా... పెళ్ళి ఫోటోలో తప్ప ఒక్కదాంట్లో కూడా నువ్వు మధ్యలో లేవేంటి?"

ఎలీసబెతు వంగి చూసింది. క్రిస్మస్‌కి కుడి చివర, చంకలో ఎవరి పిల్లో. కొత్తింటి ప్రార్థనలో ఎడమ చివర, రెండు చేతులా అందరి సంచులు. పుట్టినరోజు ఫోటోలో కేకు మధ్యలో ఉంది, చేసినావిడ తలుపు పక్కన ఉంది. ప్రతి ఫోటో వెనకా ఆమెకి ఒకే గొంతు వినబడింది. "ఎలీసా, నువ్వా చివరికెళ్ళు. పిల్లలు చెదిరిపోకుండా చూడు." కెమెరా కనబడితే చాలు, అందర్నీ బడిపిల్లల్లా వరసలో నిలబెట్టేది హెడ్మాస్టరు విల్సనే.

విసురుగా వరండాలోకి నడిచింది. విల్సన్ ముఖానికడ్డంగా పేపరు పట్టుకుని ఉన్నాడు. ఇందాకటి నుంచీ పేజీ తిప్పలేదు.

"ఏవండీ, పిల్లాణ్ణి అనవసరంగా తిట్టాను. ఫోన్ కోసింది ఇవ్వాళ. ఇన్నేళ్ళూ నన్ను చివరికి నెట్టిందెవరు?"

"అదేదో... చోటు చాలక..."

"మీ అక్క కుక్కకి చాలిందిగా! నిజం చెప్పండి. లేదంటే సాయంత్రం పాస్టరుగారి ముందు మీరొక్కరే నిలబడండి. నేను బందరు బస్సెక్కి మా నాన్న దగ్గరికి పోతాను."

పేపరు కిందికి దిగింది. విల్సన్ భార్యని చూడలేక కొడుకుని చూశాడు. అక్కడా నిలవలేక మళ్ళీ ఆమె వైపే తిరిగాడు.

"నేనే. పెళ్ళయిన మొదటి క్రిస్మస్‌కి నిన్ను మధ్యలో, నా పక్కనే నిలబెట్టాను. 'ఎండుచేపలోళ్ళ పిల్లని మధ్యలో పెట్టావేంట్రా, ఫోటో వాసనొస్తది' అంది మా అక్క. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను ఎలీసా. మీ నాన్న బందరు నుంచి తెచ్చిన రొయ్యలు తిన్న నోటితోనే నవ్వాను. ఆ నవ్వు మళ్ళీ వినాల్సొస్తుందని, కెమెరా తీసినప్పుడల్లా నిన్ను చివరికి పంపాను. పిల్లలన్నాను, సంచులన్నాను, అన్నీ వంకలే. వాడి యాప్ అంచులే కోసింది. నిన్ను అంచుకి చేర్చింది నేను. సాయంత్రం ఈ మాట మా అక్క ముందే చెప్తాను. నువ్వు మధ్యలో కూర్చో. చోటు చాలకపోతే నేను జరుగుతాను."