బదులు పలికే ఇల్లు

నాగసాకి ఓడరేవు వెనక కొండ మీదికి మెట్ల సందులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్క సందు ఊసెత్తితే మాత్రం ఆ కింది పేటలో ఉండే నోబుఎ మాట మార్చేసేది. ఆ సందు చివర ఉరకవ వాళ్ల ఇల్లుంది. దాని ఉత్తరాల డబ్బా మూతికి అడ్డంగా టేపు అంటించి ఉంటుంది. అంటే లోపల మనుషులు లేరని. ఆ టేపు చూశాక గంట నొక్కేవాళ్లు ఆ పేటలో లేరు.

మనుషుల్లేని ఆ ఇల్లు బదులు పలుకుతుందట.

చలికాలం వస్తే రాత్రి భోజనాలయ్యాక పేటవాళ్లు నిప్పు గస్తీ తిరుగుతారు. ఒకరు రెండు కర్ర చెక్కలు టక్ టక్ మని కొడతారు, మిగతావాళ్లు నిప్పు జాగ్రత్త అని కేకేస్తారు. ఇళ్లలో ముసలివాళ్లు అది విని, స్టవ్ ఆపామో లేదో చూసుకుని పడుకుంటారు. ఈ ఏడు ఆ సందు మొదట్లో చెక్కలు కొట్టినప్పుడల్లా... కాసేపు ఏమీ ఉండదు. తర్వాత పైనుంచి, చీకట్లోంచి —

టక్... టక్.

ప్రతిధ్వని అనుకుందామంటే అంత తీరిగ్గా రాదు కదా.

ఉరకవ పెద్దాయన బతికున్నంతకాలం గస్తీకి పెద్ద ఆయనే. ఆయన పోయాక ఆయన భార్య కియో చుట్టుపక్కల ప్రతి ఇంటికీ వెళ్లి, ఊళ్లోకి వచ్చినా పోయినా చేసే ఆనవాయితీగా తలా ఒక కొత్త తువాలు చేతిలో పెట్టి, మేనకోడలి ఊళ్లో వృద్ధాశ్రమానికి పోతున్నానని చెప్పి సెలవు తీసుకుంది. డబ్బాకి టేపు అంటించింది ఆ మేనకోడలే. తర్వాత ఆవిడ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

పెద్దాయన తర్వాత చెక్కలు కొట్టే పని ఇవానగకి వచ్చింది. ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసి రిటైరైన మనిషి. చెక్కలు ఎలా పట్టుకోవాలో, ఎంత ఆగి కొట్టాలో ఆయనకి నేర్పింది పెద్దాయనే. ఇప్పుడేమో గస్తీకి మనుషులు దొరకడం లేదు. కొత్త సంవత్సరం నుంచి గస్తీ ఎత్తేసి, కారుకి మైకు పెట్టి రికార్డు వేద్దామని సంఘం తేల్చేసింది. కారు మెట్లెక్కదు కదా అని ఒక్కరూ అనలేదు. సరిగ్గా ఆ మీటింగు జరిగిన వారంలోనే పైనుంచి బదులు రావడం మొదలైంది. తన చేతుల మీదుగా గస్తీ ఆగిపోతోందని పెద్దాయన కోపంగా ఉన్నాడని ఇవానగ నమ్మాడు. అప్పట్నుంచీ ఆ సందు ఎక్కడం మానేశాడు.

గస్తీలో మిగిలింది ముగ్గురు. ఇవానగ, నోబుఎ, నోబుఎ ఇంట్లో మేడ మీద గదిలో అద్దెకున్న రోసియో.

రోసియోది చిలీ. నేటి జపాన్ సమాజం, సంస్కృతి చదువుకుందామని ఒక్క సెమిస్టరుకి వచ్చింది. సమాజం సంగతేమో గానీ, వచ్చాక మోకాళ్లు మాత్రం బాగా అరిగాయి. పొద్దున మెట్లు దిగి యూనివర్సిటీకి, సాయంత్రం మెట్లెక్కి గదికి. మధ్యలో అందరూ వంగి నమస్కారం పెట్టేవాళ్లే, ఆగి పలకరించేవాళ్లు లేరు. ఆ పిల్ల నిజంగా అలిసిపోయింది. నిద్రపోతే తీరే అలుపు కాదు అది.

నవంబరులో జ్వరం వచ్చి గదిలోంచి కదల్లేకపోయింది. నోబుఎ పూటపూటకీ గంజి తెచ్చి గది బయట పెట్టి, చప్పుడు కాకుండా దిగిపోయేది. తలుపు ఒక్కసారి కూడా తట్టలేదు. కోలుకున్నాక అడిగితే, కర్టెన్ వేసుకున్నావు కదే, తడితే నీకు ఇబ్బందని ఊరుకున్నాను అంది. ప్రేమ లేకపోలేదు. కానీ ఆ తలుపుకి ఇవతల పడుకుని, తను చచ్చిపోయినా గంజి వస్తూనే ఉంటుంది కాబోలు అని రోసియో ఏడ్చింది.

సెమిస్టరు చివర్లో పేట గురించి క్లాసులో మాట్లాడాలి. రోసియో గీసుకున్న మ్యాపు చూసి మొరినగ మేడం ఒక్క ప్రశ్నే అడిగింది. గస్తీ అన్ని సందులూ తిరుగుతోంది, ఈ ఒక్కదాంట్లోకి ఎందుకు వెళ్లదు? దెయ్యం ఉందండి అని చెప్పడానికి రోసియోకి నోరు రాలేదు. కనుక్కుని చెప్తానంది.

ఏడాది చివరి గస్తీ వచ్చింది. ఇక ముందు గస్తీ లేదు కాబట్టి ఆఖరి గస్తీ కూడా అదే. సముద్రం మీంచి సన్నగా తడిగాలి కొడుతోంది. ముగ్గురూ పెద్దగా మాట్లాడుకోకుండా తిరిగారు. కేకలు కూడా నీరసంగానే పడ్డాయి. చివరికి ఆ సందు మొదట్లో ఆగారు.

ఇవానగ చెక్కలు పైకెత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తి కొట్టాడు.

టక్, టక్.

గాలి. ఎక్కడో కింద ట్రాము వెళ్లిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు...

టక్... టక్.

నోబుఎ రోసియో మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇవానగ తల వంచుకుని నిలబడ్డాడు. పెద్దాయన చేతి వాటమే, ఆ రెండో దెబ్బ అలా ఆగి పడేది ఆయనొక్కడికే అని గొణిగాడు.

"అయితే వెళ్లి చెప్పి రండి," అంది రోసియో మెల్లగా. "ఇవాళే ఆఖరు అని. ఆయనకి చెప్పకుండా ఎలా ఆపేస్తారు?"

"నీకేం పిల్లా, వచ్చే నెల విమానమెక్కి పోతావు," అంది నోబుఎ. "మేం ఇక్కడే ఉండాలి, ఆయనతో."

రోసియో చేతిలో టార్చి వెలిగించుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. ధైర్యమేం కాదది. భయపడే ఓపిక కూడా లేకపోయింది. కొంచెం సేపటికి వెనక బరువైన అడుగులు వినిపించాయి. ఇవానగ వస్తున్నాడు. నోబుఎ కింద లైటు స్తంభం దగ్గరే ఉండిపోయింది.

మెట్ల మీద ఆకులు కుళ్లి జారుతున్నాయి. రెండు వైపులా పాడుబడ్డ ఇళ్లు. ఒకదాని కప్పు కూలి లోపలికి పడింది. చివర్న ఉరకవ వాళ్ల గేటు — ఎవరూ కోయని చెట్టు మీద పండి నల్లబడ్డ పళ్లు — మూతికి టేపు అంటించిన డబ్బా. కిటికీల్లో చుక్క వెలుతురు లేదు.

ఇవానగ గేటు ముందు ఆగిపోయి చేతులు జోడించాడు. లోపలికి అడుగు పెట్టలేకపోతున్నాడు.

రోసియో ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చింది.

వాసన. ఎక్కడో ముల్లంగి ఉడుకుతోంది.

"దెయ్యాలు వంట చేసుకుంటాయా?" అని గుసగుసగా అడిగింది.

రోసియో గంట నొక్కింది. మోగలేదు. తలుపు తట్టబోతే ఇవానగ గబగబా గేటు దాటి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని డబ్బా మీది టేపు చూపించాడు. రోసియోకి తన గదీ, తలుపు బయట చల్లారిన గంజీ గుర్తొచ్చాయి. చెయ్యి విడిపించుకుని తలుపు మీద అరచేత్తో గట్టిగా బాదింది.

లోపల ఏదో కదిలింది... చాప మీద ఏదో ఈడ్చుకుంటూ... ఆగి... మళ్లీ ఈడ్చుకుంటూ —

తలుపు జానెడు తెరుచుకుంది. టార్చి వెలుగులో చిన్న ముసలి ముఖం, కళ్లు చికిలించుకుని.

"ఇవానగేనా?" అంది ఆ ముఖం. "ఇవాళ తలుపు తట్టావేం?"

కియో. బతికే ఉంది. ఇవానగ అలాగే మెట్టు మీద కూలబడిపోయాడు.

లోపల వెనక గదిలో ఒక్క చిన్న దీపం, వెచ్చదనానికి దుప్పటి కప్పిన పొట్టి బల్ల, పెద్దాయన ఫోటో. ఆశ్రమంలో ఉండలేక వానాకాలం పోగానే టాక్సీలో పై రోడ్డు మీంచి వచ్చేశానని చెప్పింది కియో. పెరటి గేటు ఆ రోడ్డు మీదికే. వారానికోసారి సరుకుల బండివాడు అక్కడే పెట్టె పెట్టి పోతాడు. కింది పేటకి దిగే కాళ్లు లేవు. అందుకని ఎవరికీ తెలియదు. ఒక్కరికైనా కబురు పెట్టొచ్చు కదా అని ఇవానగ అడిగితే ఆవిడ తల దించుకుంది.

"ఇంటింటికీ తువాళ్లు పంచి సెలవు తీసుకున్నదాన్ని," అంది. "ఏ మొహం పెట్టుకుని తిరిగొచ్చానని చెప్పమంటావు? మళ్లీ అందరికీ తువాళ్లు పంచాలి కదా. కొనుక్కొచ్చే ఓపిక లేకపోయింది."

రోసియోకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. ఇదా దెయ్యం. నెలల తరబడి చీకట్లో కూర్చుని, నేనిక్కడున్నానని చెక్కలు కొట్టి చెప్తున్న ఒక ముసలావిడ. కింద ఉన్నవాళ్లేమో విని పారిపోతున్నారు.

"అమ్మమ్మా, మీరు రోజూ చెక్కలు కొడుతుంటే విని మేం ఎంత భయపడ్డామో," అంది.

"నేను కొట్టడమేంటి తల్లీ?"

కియో దుప్పటి కింద నుంచి చేతులు బయటికి తీసింది. కీళ్లు వాచి, వేళ్లు వంకర్లు తిరిగి, గుప్పిట మూయడానికే రాని చేతులు. బల్ల మీద గిన్నె పక్కన చెంచా ఉంది. చాప్‌స్టిక్స్ లేవు.

"ఆయన చెక్కలు శవపేటికలో ఆయన పక్కనే పెట్టాను. నీకు గుర్తులేదూ, ఇవానగా?"

ఇవానగకి గుర్తుంది. ఆ పేటిక మూత పట్టుకున్నవాళ్లలో తనొకడు. ఇన్నాళ్లూ తనని మెట్లెక్కనివ్వంది అదే.

"కింద మీరు కొట్టేది నాకు వినపడదమ్మా, చెవులు మందగించాయి," అని కియో రోసియోతో తీరిగ్గా చెప్పుకుపోయింది. "అందుకే కదా పాపం, ఇవానగ ఇంత దూరం ఎక్కొచ్చి సరిగ్గా నా గుమ్మం ముందు నిలబడి కొడుతున్నాడు. ఒక్క రాత్రి మానలేదు. అది వినపడగానే స్టవ్ ఆపేసి పడుకుంటాను. నేనున్నానని ఒక్కడికైనా తెలుసు కదా అనుకుంటాను."

రోసియో వెనక్కి తిరిగి వాకిలి వైపు చూడలేకపోయింది. తలుపు ఇంకా తెరిచే ఉంది. చలిగాలి లోపలికి వస్తోంది.

ఇవానగ పెద్దాయన ఫోటో వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, నుదురు చాపకి తాకేలా వంగాడు. ఆ వంగడం కియోకా, ఫోటోకా అన్నది రోసియోకి అంతుపట్టలేదు.

"అవునమ్మా, నేనే," అన్నాడు. "రేపు కూడా వస్తాను."

బయటికొచ్చి, గేటు దగ్గర డబ్బాకున్న టేపు గోటితో గీకి పీకేశాడు. ఏడాది దాటిన జిగురు, ఓ పట్టాన ఊడలేదు.